పోపుల డబ్బాలో గడియారం

మొన్న మా పెద్దబాపు మనవరాలు ఒక పార్సిలు చంకన పెట్టుకొని అశోక్‌నగర్‌లోని నా ఇంటికి వచ్చింది. విప్పితే నల్లని రెక్సిన్ సంచి. జిప్పు తీస్తే లోపల వరసగా పడుకోబెట్టిన పనిముట్లు. వాచీలు బాగుచెయ్యడం కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇవన్నీ తప్పనిసరి అని ఫోనులో ఎవరో చెప్పారట. వెంటనే తెప్పించుకుంది.

"అత్తా, ఇండ్ల నిజంగ ఏవేవి కావాలె?" అని అడిగింది.

నేను ఒక్కొక్కటే తీసి చూసి బల్ల మీద రెండు కుప్పలు పెట్టాను. చాలా భాగం అక్కర్లేని కుప్పలోకే పోయింది. సుత్తి అక్కర్లేదు. పట్టీ గొలుసు ఊడదీసే యంత్రం అక్కర్లేదు. రంగురంగుల పిడులున్న స్క్రూడ్రైవర్లలో మూడు చాలు, మిగతావి పెట్టెకు అందం. కావలసిన కుప్పలో చిన్న ముక్కలు పట్టుకునే సన్నమొన చిమటా, కంటికి పెట్టుకునే అద్దం, గాలి ఊదే రబ్బరు బుడ్డి, నూనె పెట్టే సూది మిగిలాయి.

"గింతేనా? మరి నువ్వు దేనితోని షురూ చేసినవ్?"

"పోపుల డబ్బాతోని," అన్నాను.

పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు. ఆ డబ్బా తెచ్చి దాని ముందు పెట్టాను.

ఇంటర్ చదివే రోజుల నుంచి నాకు డైరీ రాసే అలవాటు. సర్కారు కొలువు చేసినన్నాళ్లూ మానలేదు, రిటైరయ్యాక కూడా మానలేదు. కనుక ఇప్పుడు చెప్పబోయేదానికి తేదీలన్నీ నా దగ్గర ఉన్నాయి. వాటితో ఇక్కడ పని లేదు. మనుషుల పేర్లతో కూడా పని లేదు, వరసలు చాలు. అప్పటికి నాకు ఇరవై దాటాయి. ఆ వయసును బాల్యం అంటారా అని ఎవరైనా అడగవచ్చు. మా ఇంట్లో ఉద్యోగమో పెళ్లో వచ్చేదాకా ఆడపిల్ల చిన్నపిల్లే. మా ఇంటి లెక్కలోనే చెబుతున్నాను.

అప్పుడు మేము చిక్కడపల్లిలో ఉండేవాళ్లం. మేడ మీద పెద్దబాపు, కింద మేము. పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. పెద్దమ్మ ఎప్పుడో పోయింది, కొడుకు వేరే ఊళ్లో ఉద్యోగంలో ఉన్నాడు. ఆయన భోజనం మా దగ్గరే, పెత్తనం కూడా మా మీదే. తెల్లవారితే గల్లీ చివరి ఇరానీ హోటల్ నుంచి చాయ్ మరిగే వాసన, దానితోపాటు ఉస్మానియా బిస్కట్ల వాసన కిటికీలోంచి వచ్చేది. పదిన్నరకల్లా లైబ్రరీ వైపు పోయే నిరుద్యోగుల చెప్పుల చప్పుడు. వాళ్లలో నేనూ ఒకదాన్ని. రెండు గంటలు పరీక్షల పుస్తకాలు చదివి మధ్యాహ్నానికి ఇల్లు చేరేదాన్ని. అమ్మ పచ్చిపులుసు, వేడన్నం, మామిడి తొక్కు పెట్టేది. తర్వాత ఇల్లంతా కునుకు తీసేది, నేను తప్ప.

బాపు బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో గుమస్తా. స్నానం చేసి, బనీను మీదనే కిటికీ దగ్గర నిలబడి, వాచీకి చావి ఇచ్చేవాడు. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆ చిన్న మర తిరుగుతుంటే కర్ కర్ మని చప్పుడు. అది వినపడగానే అమ్మ అన్నం డబ్బా మూత బిగించేది. ఉద్యోగం వచ్చినప్పుడు పెద్దబాపు తమ్మునికి కొనిచ్చిన వాచీ అది.

ఒక పొద్దున అది నడవలేదు. సాయంత్రం నేనూ బాపూ నారాయణగూడ చౌరస్తాకు వెళ్లాం. అక్కడ ఒక మెట్ల కింద అద్దాల పెట్టెలాంటి దుకాణం. లోపలి మనిషి వాచీ వెనక మూత కూడా తీయకుండా చెవి దగ్గర పెట్టుకొని చూసి తిరిగి ఇచ్చేశాడు.

"నూనె ఎండింది సాబ్. విప్పి కడిగి మళ్ల ఎక్కియ్యాలె. చావి ఇచ్చే కీ వాచీల పని బంద్ జేసిన. సెల్ వాచీ తీసుకోన్రి, పరేషాని ఉండది."

ఆ మాట పెద్దబాపు చెవిన పడింది. మర్నాడే కొత్త సెల్ వాచీ తెచ్చి బాపు చేతిలో పెట్టాడు. "అది నేనే ఇచ్చిన, ఇది నేనే ఇస్తున్న. పాతది పడెయ్."

బాపు పడెయ్యలేదు. కొత్తది చేతికి పెట్టుకొని పాతది చొక్కా జేబులో వేసుకున్నాడు. పొద్దున కిటికీ దగ్గరికి వచ్చి నిలబడటం మాత్రం మానలేదు. కొత్త వాచీకి చావి లేదు. రెండు వేళ్లూ ఊరికే ఒకదాన్నొకటి రాసుకునేవి.

"ఇటు ఇయ్యి బాపూ. నేను బాగుజేస్త," అన్నాను.

ఎందుకన్నానో ఆ రోజు డైరీలో కూడా రాసుకోలేదు. ఆ దుకాణపు మనిషి మూత తీయకుండా వాచీని తిరిగి ఇచ్చిన తీరు నాకు నచ్చలేదు. అంతే.

మరునాడు ఒక్కదాన్నే దుకాణానికి వెళ్లాను. పనిముట్లు అమ్ముతావా అని అడిగాను.

"ఎవరికమ్మా?"

"నాకే."

"ఆడపిల్లవు, నీకు ఇదంత ఎందుకు? మంచిగ కుట్టుమిషన్ నేర్చుకో."

"మిషన్ వచ్చు. ఇది రాదు. అందుకే."

ఆయన కాసేపు నన్ను చూసి సొరుగు లాగాడు. పాత స్క్రూడ్రైవర్లు మూడు, మొన వంగిన చిమటా ఒకటి, గోరంత సీసాలో నూనె ఇచ్చాడు. కంటి అద్దం అడిగితే చేతితో మూసి పట్టుకున్నాడు. "ఇది మాత్రం ఇయ్య. సెల్లు మార్చనీకె నాకు కావాలె." డబ్బులు తీసుకున్నాక నన్ను వెనక్కి పిలిచి ఒక్క మాట చెప్పాడు. "మిషన్ నూనె పొయ్యకు తల్లీ. అది పారుతది. ఇది పెట్టినకాడ ఉంటది. సూది మొనకు అంటినంత, గంతకు మించొద్దు."

చిమటా మొనను అమ్మ పసుపు అరగదీసే సానమీద రుద్ది తిన్నగా చేసుకున్నాను. గాలి ఊదడానికి పెన్నులో సిరా పోసే డ్రాపరు రబ్బరు పనికొచ్చింది. వాచీ లోపలి యంత్రం కూర్చోవడానికి దగ్గు మందు సీసా మూత సరిగ్గా సరిపోయింది. దుమ్ము పడకుండా గాజు గ్లాసు బోర్లించాను. చక్రాల ఇరుసులు కూర్చునే ఎర్రరాళ్ల చిల్లులు శుభ్రం చెయ్యడానికి చీపురు పుల్ల సూదిగా చెక్కాను. కంటి అద్దం ఒక్కటే తక్కువ.

అది అల్మారాలో దొరికింది. అంతకుముందు ఏడు పోయిన మా నానమ్మ అద్దాలు. కంటి ఆపరేషన్ అయ్యాక ఇచ్చిన లావు బుడ్డి అద్దాలవి. పెట్టుకుంటే జానెడు దూరంలో ఉన్నది మసక. ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే చీమ మీసాలు కూడా కనపడతాయి. రెండు కళ్లతో చూస్తే తల తిరిగింది. అందుకని ఎడమ అద్దానికి నల్ల కాగితం అతికించాను.

ఇక విప్పిన ముక్కలు పెట్టుకోవడానికి గిన్నెలు కావాలి. వరస తప్పకుండా, ఒకదానితో ఒకటి కలవకుండా. వంటింట్లో స్టీలు పోపుల డబ్బా కంటే దానికి తగినది ఈ ప్రపంచంలో లేదు, ఇప్పటికీ అదే అంటాను. అమ్మ నిద్రలో ఉంది. డబ్బాలో ధనియాల గిన్నె, ఎండుమిరపకాయల గిన్నె ఖాళీగా ఉన్నాయి. రెండు చాలనుకున్నాను. మిగతావాటిలో పోపు దినుసులు అట్లాగే ఉన్నాయి.

కిటికీ కింద తాత నాటి టేకు బల్ల ఒకటి ఉండేది. ఇంట్లో వెలుగు బాగా పడే చోటు అదొక్కటే. బాపు రేడియో ఒక మూలన ఉండేది. నేను ఇంకో మూలన కూర్చొని వాచీ విప్పాను. ముళ్లు తీశాను, డయలు తీశాను. చక్రాలను పట్టి ఉంచే పైరేకుకు మూడు స్క్రూలు. రెండు తీశాను. మూడోది వదులు చెయ్యగానే లోపల ఏదో జర్రున తిరిగింది. రేకు ఎగిరింది. స్క్రూ ఎగిరింది.

విప్పే ముందు, లోపల చుట్టుకొని ఉన్న స్ప్రింగును మెల్లగా వదలాలని నాకు తెలియదు. వాచీ ఆగిపోయింది కదా, దానిలో బలమెక్కడిది అనుకున్నాను. ఆగినా లోపల బిగువు అట్లాగే ఉంటుంది. స్క్రూ ఎగిరి పోయి ఆవాల గిన్నెలో పడింది. పడటం కళ్లారా చూశాను. కానీ ఆవాలలో అది ఎక్కడ?

అమ్మ లేచి వచ్చేసరికి నేను చిమటాతో ఆవాలను ఒక్కొక్కటే ఏరుతున్నాను.

"ఏం జేస్తున్నవే?"

చెప్పాను. అమ్మ తిట్టింది, నెమ్మదిగా, మేడ మీద పెద్దబాపుకు వినపడకుండా. తిడుతూనే ఆవాలన్నీ పళ్లెంలో పోసింది. కిటికీ వైపు వంచి, బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు తోసినట్టు అరచేతి అంచుతో కొంచెం కొంచెంగా కిందికి తోసింది. గింజలు గుండ్రంగా దొర్లాయి. దొర్లనిది ఒకటి వెనక మిగిలింది.

"గిదేనా? ఆవగింజ కన్న చిన్నగున్నది గదనే. దీనికోసమా ఇంత లొల్లి?"

అమ్మ డబ్బాలో ఉన్న దినుసులన్నీ కాగితం పొట్లాలు కట్టింది. "మొత్తం తీసుకో. సగం సగమయితే రేపు పప్పుల స్క్రూలొస్తయ్." పొట్లాలు పక్కన పెట్టి, "చిక్కుడుకాయలు ఏరేటప్పుడు కొంగు పట్టుకుంటం గద, కింద పడకుండ. నీ చున్నీ ఎందుకున్నది?" అని, తీగ మీది రెండు బట్టల క్లిప్పులు తెచ్చి నా చున్నీ కొసలను బల్ల అంచుకు పెట్టింది. బల్లకూ నాకూ మధ్య ఒక జోలె తయారైంది. ఏది జారినా ఒళ్లోనే పడుతుంది. ఈ పార్సిల్లో ఉన్న ఏ పనిముట్టూ అంతటిది కాదు.

మరుసటి మధ్యాహ్నం చక్రాలు కడుగుతున్నాను. బాపు స్కూటర్ లోంచి తీసిన పెట్రోలు, చిన్న గాజు గిన్నెలో. ఆ వాసనకు పెద్దబాపు మేడ దిగి వచ్చాడు.

"ఏంది గా వాసన? ఇల్లు తగలబెడ్తరా?"

"చక్రాలు కడుగుతున్న పెద్దబాపూ."

ఆయన ఇంకో మాట అనబోయి నా ముఖం చూసి ఆగాడు.

"అవి మా అమ్మ అద్దాలు."

"అవును."

"ఆ కాగితమేంది?"

"రెండు కండ్లతోని చూస్తే తల తిరుగుతది. ఒకటి మూయాలె."

"ఆమె పోయి యాడాది కాలె. ఆమె అద్దాలు నీకు ఆటవస్తువులయినయా?" గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువుగా ఉండేది. "బిడ్డా, దసరకు కలర్ టీవీ వస్తున్నది. ఈ బల్ల మీదనే ఉంటది. గప్పటిదాక ఆడుకో."

"గప్పటికి వాచీ నడిస్తే?"

"నారాయణగూడ ఆయన చేతులెత్తేసిండు. నువ్వు నడిపిస్తవా?"

"నడిస్తే బల్ల నాది. టీవీకి వేరే జాగ చూసుకోన్రి."

వంటింటి గడపలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఇంట్లో పెద్దబాపుతో ఎవరూ అట్లా మాట్లాడి ఎరగరు. ఆయనకు కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"నడుచుడే గాదు, టైము చూపెట్టాలె. టీవీల ఒకనాటి వార్తల కాంచి తెల్లారి వార్తల దాక. తప్పితే ఈ సామానంత పాత సామాన్ల బండికి. ఆయుధ పూజల పెడదామని కూడ అనుకోకు. ఆటవస్తువులకు బొట్టు పెట్టరు."

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. మా ఇంట్లో దసరా నాడు ప్రతి పనిముట్టుకూ పెద్దబాపు చేత్తోనే బొట్టు. బాపు స్కూటర్, బాపు పెన్ను, అమ్మ కుట్టుమిషన్, కత్తిపీట, పొయ్యి, నా పరీక్షల పుస్తకాలు. ఆయన బొట్టు పెడితే అది పని. పెట్టకపోతే ఆట.

బతుకమ్మ రోజులు మొదలయ్యాయి. నారాయణగూడ రోడ్డు మీద గునుగు పువ్వు, తంగేడు పువ్వు కుప్పలుగా అమ్మేవాళ్లు. గల్లీలోని అక్కలు సాయంత్రం ఆడటానికి పిలిచేవాళ్లు. నేను సత్తుపిండి ముద్ద బుగ్గన పెట్టుకొని చక్రాలు ఎక్కిస్తూ ఉండేదాన్ని. "ఏందే, ఒంటికన్నుతోని ఏం జూస్తున్నవ్, పెండ్లికొడుకునా?" అని కిటికీలోంచి అడిగేవాళ్లు. "కాదక్కా, నీ ముక్కుపుడక రాయి ఊడింది, ఈడికెల్లి కనపడుతున్నది," అంటే ముక్కు తడుముకొని పోయేవాళ్లు. అమ్మ పొట్లాలు విప్పి పోపు పెట్టేసరికి నూనె మాడేది. ఆ నెలంతా మా ఇంటి పప్పు కొంచెం నల్లగానే ఉండింది. ఎవరూ ఏమనలేదు. పెద్దబాపు ఒక్కడే, "పప్పుల పెట్రోలు పడ్డదా?" అని అడిగాడు.

చివరిగా ఊగే చక్రాన్ని దింపాలి. దానికి కింద వెంట్రుకకంటే సన్నని స్ప్రింగు. నేను ఊపిరి బిగబట్టి పెట్టాను. రెండు చుట్లు చావి ఇచ్చాను. అది ఊరుకుంది. డ్రాపరు రబ్బరుతో గాలి ఊదాను. ఒకసారి ఇటు, ఒకసారి అటు, ఇక ఆగలేదు.

బాపు ఆఫీసు నుంచి రాగానే చేతిలో పెట్టాను. చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పోపు వాసనొస్తున్నదే."

"నడుస్తున్నదా లేదా?"

"నడుస్తున్నది. మెంతుల వాసనతోని నడుస్తున్నది." సెల్ వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు.

మర్నాడు రేడియోలో టైము చెప్పే పిప్ పిప్ తో సరిచూశాను. తేడా లేదు. అయినా సెకన్ల ముల్లు అద్దానికి కొంచెం రాసుకుంటున్నట్టు అనిపించి మళ్లీ విప్పాను. అదే సమయంలో వాకిట్లో రిక్షా ఆగింది. దసరాకు వస్తుందన్న టీవీ మూడు రోజుల ముందే వచ్చేసింది.

ఇద్దరు మనుషులు డబ్బా మోసుకొచ్చారు. వెనక పెద్దబాపు.

"లేవ్ బిడ్డా."

"లేవను. ఒళ్ల స్క్రూ ఉన్నది."

నిజంగానే ఉంది. చున్నీ మడతలో ఎక్కడో. లేస్తే పోతుంది. క్లిప్పులు తీసినా పోతుంది. బల్ల జరిపినా పోతుంది.

"ఇంట్లకు లక్ష్మి లెక్క టీవీ వస్తుంటే అడ్డం కూసుంటవా?"

"నేను అడ్డం లేను. నేను ముందునుంచే ఈడ ఉన్న."

మోసే మనిషి డబ్బాను మోకాలి మీద ఆనించుకున్నాడు. "సాబ్, ఇంటి పంచాయితీ తర్వాత జేసుకోన్రి. బరువున్నది. ఏడ బెట్టాలె?"

సెలవు రోజు కనుక ఇంట్లోనే ఉన్న బాపు లోపలి నుంచి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, రేడియోను పక్కకు జరిపాడు. టీవీ బల్ల వెనక సగంలో కూర్చుంది. ముందు సగంలో నా పోపుల డబ్బా, మందు సీసా మూత, బోర్లించిన గ్లాసు, నేను. స్క్రూ దొరికేదాకా నేను లేవలేదు.

సాయంత్రం వార్తలకు ముందు తెరమీద గడియారం బొమ్మ వచ్చింది. పెద్దబాపే వాచీని దానితో సరిచేసి, అందరికీ కనపడాలని రేడియోకు ఆనించి నిలబెట్టాడు. "ఎవరు ముట్టొద్దు," అన్నాడు. ఎవరం ముట్టలేదు. మరుసటి సాయంత్రం మళ్లీ గడియారం బొమ్మ వచ్చింది. మా వాచీ పావుగంట ముందుంది.

"ఉరుకుతున్నది గదా," అన్నాడు పెద్దబాపు. "ఏం, బస్సు అందుకోవాల్నా దానికి?"

రేడియోతో సరిపోయిన వాచీ అది. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"మాటంటే మాట. ఎల్లుండి దసర. సామాను తీసెయ్."

"తీయ."

"ఏందీ?"

"టైము తప్పింది. కాదన్నన? ఎందుకు తప్పిందో తెలిసేదాక తీయ. తెలిసినంక మీరు చెప్పినట్టే."

పెద్దబాపు బాపు వైపు చూశాడు. అన్న చూస్తే తల వంచే మనిషి బాపు. ఆ రోజు టీవీ వైపే చూస్తూ, "రెండు దినాలు ఉండనీ అన్నా," అన్నాడు.

తెల్లారి వాచీ విప్పాను. ఊగే చక్రం కింది స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కొని ఉన్నాయి. నూనె అంటిందనుకొని కడిగాను. ఆరబెట్టాను. మళ్లీ అతుక్కున్నాయి. చుట్లు అతుక్కుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే, చక్రం తొందరగా ఊగుతుంది. అంతవరకు అర్థమైంది. ఎందుకు అతుక్కుంటున్నాయో మాత్రం తెలియలేదు.

ఆ పొద్దున్నే టీవీ మెకానిక్ వచ్చాడు. ఎందుకంటే కొత్త టీవీలో వార్తలు చదివే ఆమె చెంప ఒకటి నేరేడుపండు రంగులో కనపడుతోంది. పెద్దబాపు ముందురోజంతా యాంటెన్నా తిప్పించాడు, చెంప మారలేదు. మెకానిక్ టీవీని ముట్టుకోకుండానే అన్నాడు.

"రేడియో ఎవరు పెట్టిన్రు ఈడ? దీని స్పీకర్ల పెద్ద అయస్కాంతం ఉంటది. రంగుల్ని గుంజుతది."

నేను చిమటాను స్క్రూల గిన్నెలో ముంచి తీశాను. ఒక స్క్రూ దాని మొనకు వేలాడుతోంది. నేను పట్టలేదు, అదే పట్టుకుంది. ముందు రోజంతా వాచీ దేనికి ఆని నిలబడిందో, నా చిమటా దేని పక్కన పడి ఉండిందో గుర్తొచ్చింది.

మెకానిక్ సంచిలోంచి అయస్కాంతం వదిలించే జల్లెడంత తీగచుట్ట ఒకటి తీసి ప్లగ్గు పెట్టాడు. అది తుమ్మెదలా మోగింది. తెర ముందు గుండ్రంగా తిప్పుకుంటూ మెల్లగా వెనక్కి నడిచాడు. నేరేడు రంగు కరిగిపోయింది.

"అన్నా, జర అది ఈ వాచీ మీద కూడ తిప్పు."

"వాచీ మీదనా? ఎన్నడు తిప్పలే. ఖరాబైతే నన్ను అనొద్దు."

"అనను. గట్లనే తిప్పుకుంట వెనకకు పో. చిమటా మీద కూడ."

పెద్దబాపు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నేను నానమ్మ అద్దాలు పెట్టుకొని లోపలికి చూశాను. స్ప్రింగు చుట్లు విడివిడిగా, ముగ్గు గీసినట్టు ఉన్నాయి.

రేడియో వంటింటికి పోయింది. ఆ సాయంత్రం వార్తలకు వాచీ పెట్టాం, ఈసారి నేనే పెట్టాను. దసరా నాటి వార్తలకు అందరం బల్ల ముందు చేరాం. గడియారం బొమ్మ వచ్చింది. పెద్దబాపు వంగి చూశాడు. తర్వాత అమ్మను చూడమన్నాడు. తేడా లేదు. అమ్మ ముఖం వెలిగింది. ఆయన వార్తలన్నీ పూర్తిగా విని, లేచి, "రేడియో వంటింట్లనే ఉండనీ," అన్నాడు. ఓడిపోయానని అనలేదు. అది ఆయన నోట వచ్చే మాట కాదు.

కానీ అంతకన్నా ముందు, ఆ పొద్దున జరిగింది చెప్పాలి. వాచీ ఇంకా పరీక్షలోనే ఉంది. పెద్దబాపు తలస్నానం చేసి కుంకుమ గిన్నెతో కిందికి దిగేసరికి, నేను నా పనిముట్లన్నీ బల్ల మీద కొత్త తువ్వాలు పరిచి పెట్టుకొని, వాటికి నా చేత్తో బొట్లు పెట్టేశాను. స్క్రూడ్రైవర్లకు, చిమటాకు, నూనె సీసాకు, పోపుల డబ్బాకు, రెండు బట్టల క్లిప్పులకు. ఆయన పెట్టేదాకా ఆగి, పెట్టకపోతే చూస్తూ నిలబడటం నాకు ఇష్టం లేదు. వాచీ ఓడినా గెలిచినా నేను చేసింది ఆట కాదు.

ఆయన స్కూటర్‌కు పెట్టాడు, మిషన్‌కు పెట్టాడు, టీవీకి పెట్టాడు. నా తువ్వాలు ముందు ఆగాడు. ఒక్కొక్కటే చూశాడు.

"అద్దాలకు పెట్టలేదేంది?"

"అవి నానమ్మయి. మీరు పెట్టాలె."

ఆయన వేలు కుంకుమలో అద్ది, ఆ నల్ల కాగితం మీదనే పెట్టాడు. ఆ కాగితమేందని మళ్లీ ఎన్నడూ అడగలేదు.

బల్ల మొత్తం నాది కాలేదు. టీవీ వెనక సగంలో ఉండిపోయింది, నేను ముందు సగంలో ఉండిపోయాను. ఇంటిల్లిపాదీ నా తల మీదుగా టీవీ చూసేవాళ్లు. "జర తలకాయ జరుపు బిడ్డా," అని పెద్దబాపు రోజూ అనేవాడు. నేను వేలెడు జరిపేదాన్ని. ఉద్యోగం వచ్చింది, తలకాయ అక్కడే ఉంది. గల్లీలో ఆగిపోయిన కీ వాచీలన్నీ మా కిటికీ దగ్గరికి వచ్చేవి. ఈ కాలంలో ఇదెందుకని అడిగినవాళ్ల వాచీలు కూడా బాగుచేసి ఇచ్చాను. చివరి రోజుల్లో, నేను ఆఫీసులో ఉన్నప్పుడు కూడా ఆయన ఖాళీ కుర్చీని చూసి తలకాయ జరుపుమనేవాడని అమ్మ చెప్పింది.

మెట్ల కింది దుకాణం ఇప్పుడు ఫోన్ల తొడుగులు అమ్ముతోంది. ఆ టీవీ ఎప్పుడో పాత సామాన్ల బండి ఎక్కింది. దాని రబ్బరు కాళ్ల మరకలు నాలుగు ఇప్పటికీ ఈ బల్ల మీదనే ఉన్నాయి. కీ వాచీలు పోయాయని అప్పుడే చెప్పారు. బాపు వాచీ నా చేతికి ఉంది. ఈ పొద్దున చావి ఇచ్చాను.

ఇదంతా చెప్పేసరికి పిల్ల అక్కర్లేని కుప్పను తనే సంచిలో సర్దేసింది. అప్పుడే ఫోను మోగింది. పిల్ల తండ్రి, మా పెద్దబాపు కొడుకు.

"పోరి ఆడనే ఉన్నదా? నౌకరికి దరఖాస్తులు పెట్టమంటే వాచీలు ఇప్పుకుంట కూసున్నది. మా డైనింగ్ టేబుల్ నిండ గదే చెత్త. తీసెయ్యమని నువ్వన్న చెప్పు."

"చెప్పిన."

"ఏం జెప్పినవ్?"

"రోజు ఈడికి రమ్మన్న. నా బల్ల ముందు సగం దానిదని చెప్పిన."

"ఆ బల్ల మా నాయనది, యాది ఉన్నదా? వచ్చి తీసుకపోత."

"రా అన్నా. చాయ్ తాగి తీసుకపో."

పిల్ల జీన్స్ మీద టీషర్టు వేసుకొని వచ్చింది. చున్నీ లేదు. నేను ఫోను పక్కన పెట్టి, బాపు వాచీ చేతినుంచి తీసి పిల్ల ముందు పెట్టి, కుర్చీ దాని పక్కకు లాక్కొని, నా చీర కొంగును దాని ఒళ్లో పరిచి, కొసలను బల్ల అంచుకు రెండు క్లిప్పులు పెట్టాను. ఇప్పుడు ఇద్దరిలో ఎవరు లేవాలన్నా కుదరదు.

"ముందు స్ప్రింగు వదులు," అన్నాను. "మెల్లగ."